రోకలి ఆగిన పూట

నమోదు 41
రేకుల ఎడం: పది మైక్రాన్లు. ఆటంకం: లేదు.

ప్రతి పూటా రేకుల ఎడం రాయాలి, ఆటంకం ఏదైనా వస్తే రాయాలి, సంతకం పెట్టాలి. ఈ గది నియమం ఇంతే. నా ముందు ఇక్కడ పనిచేసిన పెద్దాయన జీవితమంతా ఈ రెండు ముక్కలు తప్ప మరో మాట రాయలేదు. ఆయనకి ఎప్పుడు కోపం వచ్చిందో, ఎప్పుడు కడుపునొప్పి వచ్చిందో ఎవరికీ తెలీదు. నాకు అంత నిగ్రహం లేదు. గోడలతో మాట్లాడితే పిచ్చిదంటారు కాబట్టి ఇందులో రాస్తాను. నా తర్వాత వచ్చేవాళ్ళు ఇష్టమైతే చదువుకుంటారు, లేకపోతే ఎడం చూసుకుని పేజీ తిప్పేస్తారు.

అంబలి గంట కొట్టగానే కొండ లోపలి మా లోగిలి మొత్తం గిన్నెలు పట్టుకుని పెద్దగది వైపు నడుస్తుంది. నేనొక్కదాన్నే ఎదురు నడుస్తాను. ఆ వేళ పనులన్నీ ఆపేస్తారు, గొట్టంలో బీమ్, అంటే రేకుని కొట్టే కణాల ధార, ఉండదు, నా గదిలో అడుగు పెట్టొచ్చు. రేకులు సరిచేసుకోవడానికి అదే అదను. అందుకే ఈ పనిలో చేరినప్పటినుంచీ నేను వేడి అంబలి తాగి ఎరగను. మా ఆయన సింహాచలం నా గిన్నె మీద మూత పెట్టి ఉంచుతాడు. మూత పెట్టినంత మాత్రాన అది చల్లారకుండా ఉండదు. పెట్టాడు కదా అని తాగేస్తాను.

ఈ పూట కొత్త లోహం పూసిన రేకు బిగించాను. చిన్న ముడత కూడా లేకుండా లాగాలి. దానికెదురుగా రెండో రేకు. రెంటికీ మధ్య ఎడం తల వెంట్రుక మందంలో ఏడో వంతు. ఆ ఎడం కదలకుండా ఉందో లేదో చూపడానికి ఒక ముల్లు ఉంది, కాగితం చుట్ట మీద గీత గీస్తుంది. ఈ పూట ఆ గీత తాడు పట్టి గీసినంత తిన్నగా వచ్చింది. బీమ్ వచ్చాక ముల్లు ఆపేయాలి, లేకపోతే దాని కరెంటు గామా కిరణాల్ని లెక్కపెట్టే పెట్టెల్లో రొద పెడుతుంది. ఆపేసి, తలుపు బిగించి బయటికొచ్చాను.

ఈ కొలత మా వదిన కోసం. వదినంటే మా ఆయన అక్క, దాలమ్మ. లోగిలిలో సగం మంది ఆవిడ చేతుల్లోకి పుట్టినవాళ్ళే. ఆవిడ గుండె పక్కన ఒక పెట్టె ఉంది, అందులో వేడి దాచుకున్న లోహపు కణిక ఉంది, ఆ కణిక వేడితోనే గుండె కొట్టుకుంటోంది. అది చల్లబడుతోంది. పాత కణికలు ఇక లేవు. ఆఖరిది పోయినేడు ఆవిడ పేరున దాస్తామంటే వినకుండా నీళ్ళ పంపుకి ఇప్పించేసింది. "నీళ్ళు నేకుండా నానొక్కదాన్నీ బతికి ఏటి సెయ్యాల? మీ గోడలు నాకాలా?" అని పంచాయితీలో అందరి నోళ్ళూ మూయించింది. పైకెళ్ళి తెచ్చుకుందామా అంటే పైన ఎండ ఈ ఏడు కూడా మనిషిని నిలవనివ్వడం లేదు.

కింది సొరంగంలో దొరికిన కొత్త లోహం ఒక్కటే ఇప్పుడు దిక్కు. అది కూడా పాతదానిలాగే వేడి దాచుకుంటుంది. ఎంత నమ్మకంగా దాచుకుంటుందో నేను చెప్పాలి.


నమోదు 42
రేకుల ఎడం: ఇరవై మైక్రాన్లు. ఆటంకం: లేదు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక లోహాన్ని కొలవకుండా దీపంలో పెట్టారు. అది ఉత్తరపు సొరంగంలో ఉన్నట్టుండి తెరుచుకుని ఇద్దరిని కాల్చేసింది. అప్పటినుంచి కట్టుబాటు: ఈ గదిలో కొలిచి సంతకం పెడితే తప్ప కొత్త లోహం ఏ మనిషి దరికీ పోకూడదు.

పిల్లలు అడుగుతుంటారు, ఏళ్ళ తరబడి నమ్మొచ్చో లేదో రెండు రోజుల్లో ఎలా చెబుతావని. వాళ్ళకి మా ఆయన గారెల సంగతి చెబుతాను. ఆయన పొయ్యి దగ్గర వేడి గారె ఒకటి తీసుకుని గుమ్మం వైపు నడుస్తాడనుకోండి. దారిలోనే తినేశాడా, గుమ్మం చేరాక తిన్నాడా? పొయ్యికీ గుమ్మానికీ మధ్య దూరం మారుస్తూ వందసార్లు చూస్తే ఆయన ఆకలి ఎంతో చెప్పేయొచ్చు. గడియారం అక్కర్లేదు. నా పొయ్యి మొదటి రేకు, గుమ్మం రెండో రేకు. బీమ్ తాకగానే లోహంలోని కేంద్రకం ఒకటి ఉద్రేకపడి ఎగిరి పోతుంది. ఆ ఉద్రేకాన్ని దారిలోనే గామాగా వదిలేస్తే ఆ గామా ఒకలా కనిపిస్తుంది, రెండో రేకులో ఆగాక వదిలితే ఇంకోలా. రెండు రకాలూ లెక్కపెడితే ఆ ఉద్రేకం ఆయువు ఎంతో తెలుస్తుంది. అంత చిన్న కాలాన్ని కొలిచే గడియారం మా దగ్గర లేదు, అందుకే దూరంతో కొలుస్తాం.

ఆ ఆయువుని బట్టి లోపలి సంగతి చెప్పొచ్చు. కేంద్రకంలోని కణాలన్నీ కలిసి ఒక్క ఒంటిలా తిరుగుతుంటే ఉద్రేకం చప్పున బయటపడిపోతుంది. ఒకటో రెండో విడిగా మోస్తుంటే ఆలస్యమవుతుంది. అన్నీ కలిసి తిరిగేదానికి గట్టి ఆకారం ఉంటుంది. అందులో దాచిన వేడి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగానే వస్తుంది. ఆకారం ఒక తీరున నిలవక ఊగిసలాడేదైతే ఆ వేడి ఎప్పుడు ఒక్కసారిగా తెరుచుకుంటుందో చెప్పలేం. అలాంటిదాన్ని మనిషి గుండె పక్కన పెట్టలేం.

ఈ రోజు డాక్టర్ పార్వతీశం గారు వదినని చూసి పంచాయితీకి కబురు పెట్టారు. ఈ నెల గడవడం కష్టమన్నారు. వెంటనే రోళ్ళ దగ్గర పెద్దరికం చేసే నీలమ్మ పిన్ని దంపు మొదలుపెట్టించింది.

లోగిలిలో ఎవరికి ప్రాణం మీదికి వచ్చినా దంపు పెడతాం. పెద్దగదిలో కొండరాయిలోనే తొలిచిన రోళ్ళున్నాయి. ఇంటికొక మనిషి తమ రోకలి తెచ్చుకుని, వంతులవారీగా సామలు దంచుతారు. అంబలి వేళ తప్ప ఆపరు. ఆ చప్పుడు కొండంతా వినిపిస్తుంది, మంచంలో ఉన్న మనిషికి తనకోసం అందరూ మేలుకుని ఉన్నారని తెలుస్తుంది. మనిషి కోలుకుంటే లేచి వచ్చి ఆఖరి పోటు తనే వేయాలి. పోతే నీలమ్మ పిన్ని చెయ్యెత్తి ఆపిస్తుంది. ఈ రెండూ తప్ప దంపు ఆగడానికి మూడో కారణం లేదు.

నేను బీమ్ పెట్టించి, గది మూసి, నా వంతు దంచి వచ్చాను. అరచేతులు బొబ్బలెక్కాయి. వదిన మంచం మీద నుంచి చూసి, "ఓలమ్మ, రేకుల పిల్లకి రోకలి కూడా పట్టుకోడం వొచ్చేసింది! మా తమ్ముడు అదురుష్టవంతుడే" అంది. మాట సన్నబడింది గానీ వెటకారం మాత్రం ఎక్కడికీ పోలేదు.


నమోదు 43
రేకుల ఎడం: పది, ఇరవై, మళ్ళీ పది. ఆటంకం: లేదు.

అంకెలు నచ్చడం లేదు. నిన్న ఇరవై దగ్గర ఒక ఆయువు వచ్చింది, ఈ పూట అదే ఎడం దగ్గర ఇంకొకటి. పది దగ్గరికి మార్చి చూస్తే మూడో రకం. అంబలి వేళ లోపలికెళ్ళి ముల్లు చూస్తే గీత తిన్నగానే ఉంది. కనుక తప్పు రేకులది కాదు.

పూటకొక ఆయువు చెప్పే కేంద్రకం ఒక ఆకారంలో నిలవనిదై ఉండాలి. కొత్త లోహం ఊగిసలాడేదే అన్నమాట.

ఇంకో పూట కొలుస్తాను. దంపుకి కూడా వెళ్ళాలి, ఈసారి మా ఆయన వంతు కూడా నేనే వేయాలి. ఆయన అడుగున నీళ్ళ బావిలో పనిలో ఉన్నాడు, పంపు సర్దేదాకా పైకి రాడు. అక్క ఇలా ఉంటే ఉండలేనన్నాడు. వదినే తిట్టి పంపింది.


నమోదు 44
రేకుల ఎడం: ముప్పై మైక్రాన్లు. ఆటంకం: లేదు.

మళ్ళీ అదే. పంచాయితీకి చెప్పేశాను. కొత్త లోహాన్ని నమ్మలేం, సంతకం పెట్టలేను అన్నాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. డాక్టరు గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు.

వదినకి నేనే చెప్పాలన్నాను. పెద్దగదిలో రోళ్ళకి కాస్త ఎడంగా ఆవిడ మంచం. దంపు చప్పుడులో మాట వినిపించాలంటే మొహం దగ్గరికి వంగాలి.

"ఏటే మరదలా, నీ రేకులేటంటున్నాయి? నన్నుంచుతాయంటా, పంపించేస్తాయంటా?"

చెప్పాను. ఏడవకూడదనుకుని ఏడ్చాను.

"సూడు ఆ ముకం! పోయేది నానా, నువ్వా?" అని నా చెవి మెలిపెట్టింది. మెలిపెట్టే బలం లేదు, పట్టుకుని ఊరుకుంది. "మళ్ళీ సూడు అని నానడగనే హైమా. నువ్వు నేదన్నావంటే నేదు. నీ మాట మీద నాకు నమ్మకం. మా తమ్ముడు అంబలి సల్లారిపోకుండా మూతెట్టుకుంటాడు నీకోసం. ఆడిని సూసుకో."

అడగను అంది కదా, అదే నన్ను నిలవనివ్వలేదు. తిట్టి ఉంటే, బతిమాలి ఉంటే, నా అంకెలు నా వైపు ఉన్నాయని ధైర్యంగా కూర్చునేదాన్ని. అంత నమ్మకం పెట్టుకున్న మనిషికి నా యంత్రాన్ని ఒకసారైనా అనుమానించకుండా లేదని చెప్పాను. సిగ్గేసింది.


నమోదు 45
రేకుల ఎడం: పది మైక్రాన్లు. ఆటంకం: కింద రాస్తున్నాను.

కొత్త లోహం రేకు తీసేసి పాత లోహం రేకు బిగించాను. దాని ఆయువు తాతల కాలంలోనే కొలిచి పెట్టారు. పెద్దాయన కూడా కొలిచారు, నేనూ కొలిచాను, ఎప్పుడూ ఒకటే. గట్టి ఆకారం, అందులో అనుమానం లేదు.

ఈ పూట అది కూడా ఊగిసలాడుతోందని నా యంత్రం చెప్పింది!

అంటే కొత్త లోహం కాదు, నా యంత్రమే అబద్ధం చెబుతోంది. సంతోషించాలో తల బాదుకోవాలో తెలియలేదు. అంబలి వేళ లోపలికెళ్ళాను. ముల్లు గీత తిన్నగా ఉంది. ప్రతి మరనూ తడిమి చూశాను, అన్నీ బిగుతుగానే ఉన్నాయి. అంబలి వేళ అయిపోయింది, నేను వెళ్ళలేదు. బీమ్ పెట్టొద్దని కబురు చేసి, ముల్లు ఆపకుండా అలాగే కాగితం చుట్ట ముందు చతికిలబడ్డాను.

ఉన్నట్టుండి గీత ఎగిరింది. పడింది. మళ్ళీ ఎగిరింది.

ముందు ముల్లు పాడైందనుకున్నాను. కాసేపు చూశాక నా చేతులకి అర్థమైంది, తలకి తర్వాత. రెండు పెద్ద పోట్లు, ఒక చిన్న పోటు. నీలమ్మ పిన్ని ఎప్పుడూ అలాగే దంచుతుంది, రెండు వేసి మూడోది సామలు కుదరడానికి తేలిగ్గా వేస్తుంది. పెద్దగదిలో రోళ్ళు కొండరాయిలో తొలిచినవి. నా రేకుల చట్రం కూడా అదే కొండరాయికి మరలు వేసి బిగించినది. అక్కడ రోకలి పడితే ఇక్కడ ఎడం కదులుతోంది. నేను అంబలి వేళ మాత్రమే ముల్లు చూస్తాను, అంబలి వేళ మాత్రమే దంపు ఆగుతుంది. ఇన్ని పూటలూ నిశ్చింతగా బీమ్ పెట్టించి, గది మూసి, వెళ్ళి రోకలి పట్టుకుని నా కొలతని నేనే పొడిచి వచ్చాను. నా బొబ్బలు చూసుకుని గర్వపడ్డాను కూడా.

ఆటంకం: దంపు.


నమోదు 46
రేకుల ఎడం: కొత్త లోహం మళ్ళీ బిగించాను, పది మైక్రాన్లు. ఆటంకం: దంపు సాగుతోంది. బీమ్ పెట్టలేదు.

పరుగెత్తుకెళ్ళి చెప్పాను, దంపు ఆపండి, ఒక్క మూడు పూటలు ఆపితే చాలు, సరైన కొలత వస్తుంది అని. నా మాట పూర్తికాకముందే రోళ్ళ దగ్గర ఆడవాళ్ళు నన్ను చూసిన చూపు ఎప్పటికీ మరిచిపోను.

నీలమ్మ పిన్ని రోకలి ఆపకుండానే అంది, "బతికున్న మనిసికి దంపు ఆపమంటావేటే? నీ నోటికెలగొచ్చింది ఆ మాట?"

"ఆవిడ కోసమే పిన్నీ. ఈ చప్పుడుకి నా రేకులు కదులుతున్నాయి."

"నీ రేకులు కదలకండా ఉండాలని దాని పేనం కదిలించమంటావు."

పిన్ని రోకలి పక్కింటి ఆవిడకిచ్చి నా దగ్గరికి వచ్చింది. కోపంగా లేదు. భయపడుతోంది. అది చూసి నాకూ భయమేసింది. ఆ తర్వాత చెప్పింది, ఇన్నేళ్ళలో నేను ఆమె నోట వినని మాట.

"నానప్పుడు ఏడేళ్ళ గుంటను. పడమటి సొరంగం కూలిపోతే లోపలుండిపోనాను. సీకటి. నీళ్ళు నేవు. పక్కన మా అయ్య పలకడం మానేసినాడు. గోడకి సెవి ఆనించితే దూరంగా రోకళ్ళు ఇనబడీవి. ఇంకా మనకోసం ఎవలో మేలుకునున్నార్రా అనుకునీదాన్ని. ఆ సప్పుడు ఒక్కపాలి ఆగిపోనుంటే నానూ ఆగిపోదును. నీకు తెలీదే హైమా, లోపలున్నోలికే తెలుస్తాది."

ఆవిడ చెప్పింది నిజం. నేను చెప్పిందీ నిజం.

అప్పుడు మంచం మీద నుంచి వదిన చెయ్యి ఊపింది. మేమిద్దరం వంగాం.

"పిన్నీ, ఆపించు."

"దాలమ్మా..."

"ఆపించు. సప్పుడు ఆగిపోతే నాను సచ్చిపోనానని నాను అనుకుంటానేటి? నాకు తెల్దా?" ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "భయం నీకుంది. అలగైతే ఒక పని సెయ్యి. నా సెయ్యట్టుకో. రోట్లో ఎలగ ఏస్తావో, అలగే నీ ఏలితో నా అరిసేతిలో ఏసుకో. దానికి ఈవిడ రేకులు కదలవు."

పిన్ని నా వైపు చూసింది. కదలవన్నాను. పిన్ని మంచం పట్టె మీద కూర్చుని వదిన చెయ్యి ఒళ్ళోకి తీసుకుంది. చూపుడువేలితో అరచేతిలో కొట్టింది. రెండు గట్టిగా, ఒకటి తేలిగ్గా. కొడుతూనే రెండో చెయ్యి పైకెత్తింది.

రోకళ్ళు ఆగిపోయాయి. ఎవరో ఏడవబోయి చెంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఇంటికొక మనిషి వంతున వరస కట్టారు, ఒకరి తర్వాత ఒకరు వదిన అరచేయి అందుకోవడానికి.


నమోదు 47
రేకుల ఎడం: పది, ఇరవై, ముప్పై. ఆటంకం: ఒకటి. చూడండి.

ఈ గదికి వచ్చినప్పటినుంచీ లోగిలి ఇంత నిశ్శబ్దంగా ఉండటం ఎరగను. తిరగళ్ళు ఆగాయి. పిల్లలు మునివేళ్ళ మీద నడుస్తున్నారట, వాళ్ళకి అదో ఆట. తలుపులు కొట్టుకోకుండా గుడ్డలు పెట్టారు.

అంకెలు వస్తున్నాయి. పది దగ్గర కొలిచినదీ ఇరవై దగ్గర కొలిచినదీ ఒకే ఆయువు చెప్పాయి. ముప్పైకి మార్చాక మళ్ళీ మధ్యలో చెదిరాయి. ఎవరో దంపు మొదలుపెట్టేశారనుకున్నాను. బీమ్ ఆపించి పెద్దగదికి పోయాను.

మా ఆయన. నేల మీద కూర్చుని, అక్క మంచానికి తల ఆనించి ఎక్కిళ్ళు పెడుతున్నాడు.

దంపు ఆపుతున్నామని అడుగున ఉన్నవాళ్ళకి చెప్పాల్సిన మనిషిని నేనే. పెళ్ళాం చెప్పే ఉంటుందని మిగతావాళ్ళనుకున్నారు. నేను నా రేకుల ధ్యాసలో పడి మొగుణ్ణి మరిచిపోయాను. ఆయన నీళ్ళ బావిలో పంపు విప్పుతూ చప్పుడు ఆగిపోవడం విన్నాడు, ముందు అంబలి వేళేమో అనుకున్నాడు, ఎంతకీ మళ్ళీ మొదలుకాలేదు. చేతిలో పానా అక్కడే పారేసి, అన్ని మెట్లూ ఎక్కి, సొరంగం పొడవునా పరుగెత్తుకొచ్చాడు. పొడవాటి మనిషి, బరువైన చెప్పులు. ఆ పరుగే నా అంకెల్ని చెదరగొట్టింది.

వచ్చి అక్కని "అప్పా!" అని అరిచి పిలిచాడట. వదిన కళ్ళు తెరిచి, "ఏట్రా? ఎవలు సచ్చిపోనారు?" అందట. అంతే, ఆయన నేల మీద కూలబడిపోయాడట. గదినిండా జనం, నవ్వొస్తే నవ్వకూడదు, ఏడుపొస్తే ఏడవకూడదు, అందరూ చెంగులూ తువ్వాళ్ళూ నోట్లో కుక్కుకున్నారట. "సప్పుడు సెయ్యకురా. మీ ఆవిడ కొలుసుకుంటంది" అని తమ్ముడి నెత్తి మీద ఒక్కటిచ్చిందట.

నన్ను చూసి మా ఆయన ఏమీ అనలేదు. చాలా కోపంగా ఉన్నాడు. ఆ మెట్లన్నీ ఏమనుకుంటూ ఎక్కి ఉంటాడో తలుచుకుంటే నా మీద నాకే కోపం వచ్చింది. తప్పయిందన్నాను. ఆయన అక్క అరచేయి తీసుకుని వేలితో కొడుతూ కూర్చున్నాడు. కాసేపటికి నా గిన్నె వైపు గడ్డంతో చూపించాడు. మూత పెట్టి ఉంది.

ఆటంకం: సింహాచలం పరుగు. ఆ అంకెలు కొట్టేసి, ముప్పై దగ్గర మళ్ళీ కొలిచాను.


నమోదు 48
రేకుల ఎడం: ఐదు మైక్రాన్లు, ఆఖరి కొలత. ఆటంకం: లేదు. నిజంగా లేదు, ముల్లుతో రెండుసార్లు చూశాను.

అన్ని ఎడాల దగ్గరా ఒకే ఆయువు. పొట్టి ఆయువు. ఇంకా ఎక్కువ ఉద్రేకపడ్డ పై మెట్టు ఆయువునీ కొలిచాను, అది కూడా లెక్క ప్రకారం ఎంత ఉండాలో అంతే ఉంది. అంటే కొత్త లోహంలో కణాలన్నీ కలిసే తిరుగుతున్నాయి. పాతదానికంటే గట్టి ఆకారం. దాచిన వేడిని పట్టుకుని ఉంటుంది.

కాగితం తీసుకుని డాక్టరు గారి దగ్గరికి వెళ్ళాను. ఆయన అంతా చదివి, మెల్లగా అడిగారు, "హైమావతి గారూ, తప్పుగా అనుకోకండి. పోయినసారి కాదన్నారు. ఇప్పుడు అవునంటున్నారు. మీ వదిన గారు కాబట్టి కాదు కదా?"

అడగాల్సిన ప్రశ్నే. అయినా ఒళ్ళు మండింది.

"మా వదిన కాబట్టే ఇన్నిసార్లు కొలిచానండీ. వేరేవాళ్ళయితే మొదటి 'లేదు' దగ్గరే ఆగిపోయేదాన్నేమో, అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు. పాత లోహం కొలత కూడా మళ్ళీ తీశాను, ఈ నిశ్శబ్దంలో అది తాతల అంకె చెప్పింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకోండి."

చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. కలం నాకిచ్చారు. ఉత్తరపు సొరంగంలో కాలిపోయిన ఇద్దరూ గుర్తొచ్చారు. ఈ సంతకం తప్పయితే, నొప్పి లేకుండా పోవాల్సిన వదిన కాస్తా కాలిపోతుంది. అంకెలు ఇంకోసారి చదివి సంతకం పెట్టాను.

వదినకి చెబితే, "మొన్న నేదని ఏడిసినావు, ఇయ్యాల అవునని ఏడుస్తున్నావు. నీకు ఏడుపే ఆయువే" అంది. అని, నా చెయ్యి వదిలిపెట్టలేదు.


నమోదు 49
రేకుల ఎడం: రాయలేదు. ఆటంకం: దంపు మళ్ళీ మొదలైంది.

కణిక మార్చడానికి వదినని డాక్టరు గారి గదిలోకి తీసుకెళ్ళారు. తలుపు మూయగానే నీలమ్మ పిన్ని పరుగులాంటి నడకతో రోలు దగ్గరికి పోయి రోకలి అందుకుంది. ఇన్ని పూటలు ఆపుకున్న చేతులన్నీ ఒక్కసారిగా పడ్డాయి. కొండ మోగింది. నాకు కొలత ఏమీ లేదు, నేనూ మా ఆయనా ఒకే రోలు దగ్గర చెరో రోకలి పట్టుకుని ఎదురెదురుగా దంచాం. ఆయన ఇంకా మాట్లాడటం లేదు. రోకలి మాత్రం నా రోకలికి తగలకుండా, నా పోటు అవగానే తన పోటు వేశాడు.

డాక్టరు గారు బయటికొచ్చి కణిక పెట్టామన్నారు. పెట్టె కొట్టుకుంటోందన్నారు. మనిషి లేచాక గానీ ఏమీ చెప్పలేమన్నారు. దంపు సాగించమన్నారు.


నమోదు 50

ఈ పూట ఎడం, ఆటంకం గడులు ఖాళీగా ఉంచి మొదలుపెడుతున్నాను.

వదిన ఇంకా కళ్ళు తెరవలేదు. పక్కన కూర్చోలేకపోయాను. నేను కూర్చుంటే ఆవిడ ఊపిరి లెక్కపెడుతున్నానని మా ఆయన పొమ్మన్నాడు. మాట్లాడాడు, అది చాలు. ఇక్కడికొచ్చి గొట్టం తుడిచాను, రేకులు విప్పి మళ్ళీ బిగించాను, పది మైక్రాన్ల దగ్గర పెట్టాను. బీమ్ లేదు. ముల్లు ఆపలేదు. గీత మీదే కళ్ళు పెట్టుకుని కూర్చున్నాను. గీత ఎగురుతోంది, పడుతోంది. వరసలో ఎవరి వంతు నడుస్తోందో ఇప్పుడు గీత చూసి చెప్పగలను.

గీత ఆగిపోయింది.

అంబలి వేళ కాదు. గంట కొట్టలేదు. కాగితం చుట్ట తిరుగుతోంది, గీత తిన్నగా పోతోంది. ఇన్ని పూటలుగా నేను కోరుకున్నంత తిన్నగా. పిన్ని చెయ్యెత్తి ఉంటుంది. లేచి వెళ్ళాలి, కూర్చునే ఉన్నాను. ఇది రాస్తున్నాను, రాస్తే చెయ్యి కదులుతుంది కాబట్టి. సింహాచలం అక్కడ ఒక్కడే ఉన్నాడు. వెళ్ళాలి.

ఇప్పుడే ముల్లు కదిలింది.

చిన్న పోటు. రోకలి ఎత్తలేక ఎత్తి, జార్చేసినంత. రోట్లో నడిమికి పడలేదు, పక్కకి పడింది, అందుకే గీత ఒక పక్కకి వాలి వచ్చింది. లోగిలిలో చెయ్యి తిరిగిన ఏ ఆడమనిషీ ఇంత అధ్వాన్నంగా దంచదు. ఆ తర్వాత ఒకటి కాదు, రెండు కాదు, గీత పిచ్చిపిచ్చిగా ఎగురుతూనే ఉంది. అది దంపు కాదు, గెంతులు. అందరూ గెంతుతున్నారు.

కాగితం చుట్టలో ఆ ఆఖరి పోటు ఉన్న ముక్క చింపి ఇక్కడ అతికిస్తున్నాను. నా తర్వాత వచ్చేవాళ్ళు తీసేయొద్దు.

రేకుల ఎడం: పది మైక్రాన్లు, నిలవలేదు. ఆటంకం: వదిన.